ముక్కు వెనుక నుంచి గొంతులోకి జారే శ్లేష్మం: ఇంట్లో ఏం చేసుకోవచ్చు, ఏం చేసుకోకూడదు?

పంతులమ్మ, భీమవరం
జనవరి 18, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. దసరా సెలవులు ముగిసిన వారంలో పట్టిన పడిశం పది రోజుల్లో తగ్గినట్టే తగ్గి, ఆ తరువాత మరో రూపంలో నిలిచిపోయింది. ఇప్పుడు ముక్కు ముందు నుంచి దాదాపు ఏమీ కారదు, అంతా వెనుక నుంచి గొంతులోకే దిగుతుంది. పడుకోగానే అంగిలి వెనుక ఏదో జిగురుగా జారుతున్నట్టు ఉండి దగ్గు తెర వస్తుంది. తెల్లవారి లేచేసరికి గొంతులో గళ్ళ పేరుకొని, దాన్ని తీసి ఉమ్మేవరకూ మాట పెగలదు. తరగతిలో రెండు వాక్యాలకొకసారి గొంతు సవరించుకోవలసి వస్తోంది. మొన్న పాఠం మధ్యలో మొదటి బల్ల మీది అమ్మాయి లేచి, తన నీళ్ళ సీసా మూత తీసి నా చేతికి అందించింది. ఆ పిల్ల మంచితనానికి కళ్ళు చెమర్చాయి కాని, నా గొంతు పిల్లలకు అంత ఇబ్బందిగా వినిపిస్తోందా అన్న బాధ ఆ రోజంతా వదలలేదు.

మా అత్తగారు ప్రతి రాత్రీ పసుపు, తులసి వేసి ఆవిరి పట్టిస్తున్నారు. ఆ పది నిమిషాలూ ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది, గంట గడిస్తే మళ్ళీ మామూలే. వేయించిన వాము మూట, మిరియాల పాలు, శొంఠి గంధం పట్టు అన్నీ అయ్యాయి. ముక్కు దిబ్బడకు దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్ప్రే మూడు వారాలుగా వాడుతున్నాను. ఇంట్లో చేసుకోదగిన వాటిలో నిజంగా పనిచేసేవి ఏవో, ఎందుకు పనిచేస్తాయో తెలిసినవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత ఫార్మసిస్టు, వరంగల్
జనవరి 18, రాత్రి 10.05

అమ్మా, మిగతావన్నీ తరువాత మాట్లాడుకోవచ్చు. ముందు ఆ స్ప్రే సీసా మీద ఏ మందు పేరు రాసి ఉందో చూడండి. జైలోమెటజోలిన్ లేదా ఆక్సీమెటజోలిన్ అని ఉంటే, అది మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడవలసిన మందు కాదు. ముక్కు లోపలి పొరలోని రక్తనాళాలను అది వెంటనే బిగిస్తుంది కనుక దిబ్బడ ఇట్టే విడిపోతుంది. రోజులు గడిచేకొద్దీ మందు ప్రభావం తీరగానే ఆ నాళాలు మునుపటికంటె ఎక్కువగా ఉబ్బడం మొదలవుతుంది, అప్పుడు మళ్ళీ స్ప్రే కొట్టక తప్పదు. రోగం కన్న మందు వలన వచ్చిన దిబ్బడే ఎక్కువగా ఉన్నవారిని నేను కౌంటరు వెనుక నిలబడి ఎందరినో చూశాను. ఒక్కసారిగా మానలేకపోతే ముందు ఒక ముక్కు రంధ్రంలో మానండి, అది కుదుటపడిన వారానికి రెండవదానిలో మానండి.

ఇంకొక మాట. జలుబు మాత్రల్లో నిద్రమత్తు తెచ్చే పాతకాలపు అలర్జీ మందులు కలిసినవి ఉంటాయి. అవి నీళ్ళలా కారేదాన్ని ఆపుతాయి, కాని మీకున్నది నీళ్ళ కారుడు కాదు, జిగురు. జిగురును ఎండగడితే అది ఇంకా చిక్కబడి గొంతుకు అతుక్కుంటుంది. మీరు చేయవలసింది దాన్ని పలచబరచడం, కడగడం.

యోగా శిక్షకుడు, విశాఖపట్నం
జనవరి 19, ఉదయం 6.20

కడగడం అనే మాట ఫార్మసిస్టు గారే అన్నారు కనుక చెబుతున్నాను. హఠయోగంలోని షట్కర్మలలో నేతి ఒకటి. నేడు ఎక్కువమంది చేసేది జలనేతి, అంటే కొమ్ము చెంబుతో ఒక ముక్కు రంధ్రంలో గోరువెచ్చని ఉప్పునీరు పోసి రెండవదాని నుంచి వెలుపలికి రానివ్వడం. వంగి, తలను పక్కకు తిప్పి, నోరు తెరచి నోటితోనే ఊపిరి తీసుకుంటూ ఉంటే నీరు గొంతులోకి దిగదు. మధ్యలో మాట్లాడకూడదు, నవ్వకూడదు, గుటక వేయకూడదు. పదిహేనేళ్ళుగా నేర్పుతున్నాను, మొదటి రోజు భయపడిన వారే పదవ రోజుకు నాకంటె చక్కగా చేస్తారు.

పంతులమ్మ, భీమవరం
జనవరి 19, రాత్రి 8.45

మీ సందేశం చదివిన ఉత్సాహంలో పాఠశాల నుంచి రాగానే ప్రయత్నించాను. పొరపాటు పూర్తిగా నాదే. ఉప్పు సంగతి మరచిపోయి, గీజరు నీళ్ళు గోరువెచ్చగా తగిలాయని నేరుగా చెంబులో పట్టి పోసుకున్నాను. కనుబొమల మధ్య నుంచి నడినెత్తి దాకా మంట లేచి, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. అరగంట పాటు అలాగే కూర్చుండిపోయాను. ఈ పద్ధతి నా శరీరానికి పడదేమో అనిపిస్తోంది.

చెవి ముక్కు గొంతు వైద్యురాలు, హైదరాబాద్
జనవరి 19, రాత్రి 11.30

పంతులమ్మ గారూ, పద్ధతి పడకపోవడం కాదు, నీరు సరైనది కాదు. మంట ఎందుకు వచ్చిందో మొదట చెబుతాను, అంతకంటె ముఖ్యమైన సంగతి ఆ తరువాత చెబుతాను.

మన శరీర ద్రవాలలోని ఉప్పదనానికి సమానంగా ఉండాలంటే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కావాలి. ఉప్పు లేని నీరు తగిలితే ముక్కు లోపలి పొరలోని కణాలు ఆ నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి, ఆ బాధే మీకు మంటగా తెలిసింది. అదే నీటిలో సరిపడా ఉప్పు కలిపితే కన్నీరు కన్నులో తిరిగినంత సహజంగా ఉంటుంది.

ఇక రెండవది. కుళాయి నీరు, బోరు నీరు, గీజరు నీరు, ఇంట్లోని ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే నీరు, డబ్బా నీరు వీటిలో ఏదైనా సరే, మరిగించకుండా ముక్కులో పోయకూడదు. తాగడానికి పనికివచ్చే నీరు ముక్కులో పోయడానికి పనికివస్తుందని అనుకోవడం సహజం, కాని ఆ రెండూ ఒకటి కావు. నీగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా మింగిన నీటిలో ఉంటే పొట్టలోని ఆమ్లానికి చనిపోతుంది. అదే నీరు ముక్కు పైభాగానికి చేరితే, వాసన తెలిపే నరం వెంట మెదడుకు పాకగలదు. ఇది అత్యంత అరుదైన జబ్బు. వస్తే మాత్రం బతికేవారు చాలా తక్కువ. 2024, 2025 సంవత్సరాల్లో కేరళలో అమీబాల వలన వచ్చిన మెదడువాపు కేసుల గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. అందుచేత నీటిని తెర్లి బుడగలు లేచేలా కనీసం ఒక నిమిషం మరిగించి, మూత పెట్టి, గోరువెచ్చగా అయ్యేవరకూ ఆరనివ్వాలి. వేడి నీటిలో చన్నీళ్ళు కలిపి చల్లార్చడం మన ఇళ్ళలో అలవాటు. ఇక్కడ ఆ పని చేస్తే మరిగించిన ఫలితమంతా పోతుంది.

కొలత విషయానికి వస్తే, అర లీటరుకు నాలుగున్నర గ్రాములు. చెంచాలు ఇంటికొక రకంగా ఉంటాయి కనుక వీలైతే ఒక్కసారి ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచి, మీ ఇంటి చెంచాకు ఎంత వస్తుందో గుర్తు పెట్టుకోండి. మెత్తటి ఉప్పయితే సాధారణంగా చిన్న చెంచాకు ముప్పావు వంతు అవుతుంది. రాళ్ళుప్పును చెంచాతో కొలిస్తే లెక్క తప్పుతుంది, దాన్ని తూచవలసిందే. చిటికెడు వంట సోడా కలిపితే మంట మరికాస్త తగ్గుతుంది, జిగురు కూడా త్వరగా విడుతుంది. ఇదంతా కష్టమనుకుంటే మందుల దుకాణాల్లో కొలిచిన పొట్లాలు, మెత్తటి పిండుడు సీసాతో కలిపి దొరుకుతాయి. నీటిని మాత్రం మీరే మరిగించుకోవాలి.

మీ అసలు ప్రశ్నకు, అంటే ఎందుకు పనిచేస్తుందన్నదానికి, కొంచెం వివరంగా చెబుతాను. ముక్కు, దాని చుట్టూ సైనస్ అని పిలిచే గాలి గదులు రోజుకు సుమారు లీటరు శ్లేష్మాన్ని తయారు చేస్తాయి, మనం తెలియకుండానే దాన్ని మింగేస్తూ ఉంటాం. గొంతులోకి కారడం జబ్బు కాదు, అది తెలియడమే జబ్బు. చెంపల వెనుక ఉన్న గదులకు బయటికి పోయే దారి అడుగున ఉండదు, పైన ఉంటుంది. కుండకు అడుగున కాక మెడ దగ్గర చిల్లు పెట్టినట్టని అనుకోండి. మరి శ్లేష్మం పైకి ఎలా ఎక్కుతుందంటే, ఆ గదుల గోడల మీద కంటికి కనిపించని నూగు ఉంటుంది. మీ వైపు వరి చేను మీద గాలి తోలినప్పుడు పైరంతా ఒకే దిక్కుకు ఎలా ఊగుతుందో, ఆ నూగు అలా ఊగుతూ శ్లేష్మాన్ని దారి వైపు నెడుతుంది. జలుబు చేసినప్పుడు, దుమ్ము పడినప్పుడు, పొగ తగిలినప్పుడు ఆ ఊపు మందగిస్తుంది, శ్లేష్మం చిక్కబడుతుంది, దారి వాచి ఇరుకవుతుంది. ఉప్పునీరు చిక్కదనాన్ని కరిగించి, అందులో ఇరుక్కున్న దుమ్మును కడిగి, నూగుకు మళ్ళీ పని చేసే వీలు కల్పిస్తుంది.

ఐటీ ఉద్యోగి, డల్లాస్
జనవరి 20, ఉదయం 5.15

వైద్యురాలు గారు చెప్పిన నీటి విషయాన్ని నేను ఇక్కడ ఉండి బలపరుస్తున్నాను. 2011లో మా పక్క రాష్ట్రమైన లూసియానాలో ఇద్దరు మరణించారు, ఇద్దరూ కొమ్ము చెంబుతో ముక్కు కడుక్కోవడానికి కుళాయి నీటినే వాడారు. కుళాయి నీటిని నేరుగా వాడవద్దని ఇక్కడి ఆరోగ్య శాఖలు హెచ్చరిస్తాయి. నేను దుకాణంలో స్వేదన జలం కొని వాడతాను. టెక్సాస్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మౌంటెన్ సీడర్ అని పిలిచే చెట్ల పుప్పొడి గాలిలో నిండుతుంది. వచ్చిన మొదటి రెండేళ్ళు నాకేమీ కాలేదు, మూడవ శీతాకాలం నుంచి మీరు వర్ణించిన బాధే మొదలైంది. బయట తిరిగి వచ్చిన సాయంత్రం ముక్కు కడుక్కొని, బట్టలు మార్చుకొని, తలస్నానం చేసి పడుకున్న రోజుకూ, చేయని రోజుకూ మధ్య తేడా నాకు స్పష్టంగా తెలుస్తుంది.

ఇద్దరు పిల్లల తల్లి, నెల్లూరు
జనవరి 20, మధ్యాహ్నం 2.30

ఆవిరి గురించి ఒక్క సంగతి చెప్పి వెళతాను, ఎందుకంటే ఇది మా ఇంట్లోనే జరిగింది. నా తమ్ముడి కొడుకుకు ఆరేళ్ళు. జలుబు చేసిందని స్టూలు మీద మరిగిన నీళ్ళ గిన్నె పెట్టి, పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టి, గిన్నెతో సహా వాడి మీద దుప్పటి కప్పారు. ఉక్కిరిబిక్కిరై వాడు కాలు విదిలించాడు, అంతే, గిన్నె తొడల మీద ఒరిగిపోయింది. కంగారులో ఎవరో టూత్‌పేస్టు తెచ్చి పూశారు. ఆసుపత్రిలో మొదట దాన్ని కడగడానికే పిల్లవాడు విలవిలలాడిపోయాడు. అలాంటప్పుడు ఇరవై నిమిషాలు కుళాయి కింద ధారగా చల్లటి నీళ్ళు పోయాలని, మరేమీ పూయకూడదని మాకు అక్కడ చెప్పారు. రెండేళ్ళయినా ఆ మచ్చ పోలేదు. పిల్లలకు దుప్పటి కప్పి ఆవిరి పట్టించకండి. స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి, తలుపు మూసి, పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకొని పది నిమిషాలు కూర్చుంటే చాలు.

విశ్రాంత ఫార్మసిస్టు, వరంగల్
జనవరి 20, సాయంత్రం 4.00

ఆ తల్లి చెప్పింది అక్షరాలా నిజం. 2020, 2021లో కరోనా భయంతో ఇంటింటా రోజుకు మూడు నాలుగుసార్లు ఆవిరి పట్టినప్పుడు ఇలా ఒళ్ళు కాల్చుకున్నవారు చాలామంది.

చెవి ముక్కు గొంతు వైద్యురాలు, హైదరాబాద్
జనవరి 20, రాత్రి 10.50

ఆవిరి విషయంలో పరిశోధన ఏం చెబుతుందో కూడా పంతులమ్మ గారికి తెలియాలి. బ్రిటన్‌లో దీర్ఘకాలంగా లేదా మాటిమాటికీ సైనస్ బాధపడే 871 మందితో చేసిన ఒక అధ్యయనం 2016లో కెనడా వైద్యసంఘం పత్రికలో వచ్చింది. కొందరికి ఉప్పునీటితో కడుక్కోమని, కొందరికి ఆవిరి పట్టమని, కొందరికి రెండూ చేయమని చెప్పి ఆరు నెలలు గమనించారు. ఉప్పునీటి వలన కొంత మేలు కనిపించింది, మరీ గొప్పగా కాదు కాని కచ్చితంగా కనిపించింది. ఆవిరి వలన తలనొప్పి కొంత తగ్గడం తప్ప సైనస్ బాధలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కనుక మీరు అనుభవంతో కనుగొన్నదే అక్కడా తేలింది: ఆ కాసేపు హాయి, తరువాత మామూలే. అత్తగారు ప్రేమతో పట్టించే ఆవిరిని మానమని నేను చెప్పను. గిన్నెను నేల మీద స్థిరంగా పెట్టండి, మొహాన్ని మరీ దగ్గరకు తేకండి, అదే చికిత్స అనుకొని అక్కడితో ఆగిపోకండి.

నీలగిరి తైలం, పుదీనా పువ్వు (మెంథాల్), బామ్ ఇవన్నీ ముక్కులో చల్లదనాన్ని తెలిపే నరాలను తాకి, గాలి ధారాళంగా ఆడుతున్న అనుభూతిని ఇస్తాయి. పుదీనా పువ్వు వాసన చూపించి కొలిస్తే గాలి రాకలో మార్పేమీ ఉండదు, అయినా మనసుకు ఊరట కలుగుతుంది. పడుకునే ముందు ఆ ఊరట కూడా విలువైనదే. రెండేళ్ళ లోపు పిల్లలకు మాత్రం కర్పూరం కలిసినవేవీ ముక్కు దగ్గరకు రానీయకూడదు. కర్పూరం పసిపిల్లలకు మూర్ఛలు తెప్పించగలదు.

ఆయుర్వేద వైద్యుడు, తిరుపతి
జనవరి 21, ఉదయం 9.00

పీనసం అని మన పెద్దలు పిలిచేది, శాస్త్రంలో ప్రతిశ్యాయం అని చెప్పేది ఈ బాధనే. ముదిరితే దుష్ట ప్రతిశ్యాయం అంటాం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిసిన త్రికటు చూర్ణాన్ని తేనెతో ఇవ్వడం, అణుతైలంతో నస్యం, అంటే ముక్కులో నూనె చుక్కలు వేయడం, మా పద్ధతిలో ముఖ్యమైనవి. మిరియాల చారు, అల్లం కషాయం కూడా ఈ త్రోవలోనివే. అయితే రెండు విషయాలు నేనే స్పష్టం చేస్తాను. కడుపులో మంట, పుండు ఉన్నవారు త్రికటు జోలికి సొంతంగా వెళ్ళకూడదు. నస్యం వైద్యుడి పర్యవేక్షణలో కొద్ది రోజులు చేసేదే కాని, ఎవరికి వారు నెలల తరబడి ముక్కులో నూనె పోసుకునేది కాదు.

పసుపు కొమ్మును దీపం మీద కాల్చి ఆ పొగ పీల్చడం మన ఇళ్ళలో ఉంది. ధూమపాన విధి మా గ్రంథాల్లో ఉన్న మాట నిజమే, కాని ఉబ్బసం ఉన్నవారికి ఆ పొగ మేలు చేయదు, వారి ఇంట్లో సాంబ్రాణి కూడా వేయవద్దని నేను చెబుతాను.

చెవి ముక్కు గొంతు వైద్యురాలు, హైదరాబాద్
జనవరి 21, రాత్రి 10.15

తిరుపతి వైద్యుల వారికి ధన్యవాదాలు. నూనె విషయంలో వారు చెప్పిన జాగ్రత్తకు నేను ఒకటి చేరుస్తాను. లాల పోసేటప్పుడు పసిపిల్లల ముక్కులో ఆముదమో కొబ్బరి నూనెనో చుక్క వేసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే దగ్గు రూపంలో కూడా శరీరం హెచ్చరించదు, అక్కడే నిలిచి న్యుమోనియాగా మారుతుంది. పసిపిల్లకు ముక్కు మూసుకుపోతే దుకాణంలో దొరికే ఉప్పునీటి చుక్కలు రెండు వేసి, మెత్తటి బల్బు పిచికారీతో పీల్చి తీయడమే సరైనది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం కూడా వద్దు, అందులో ఉండగల బీజాల వలన బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

మిరియాల చారు గురించి నా అభిప్రాయం వేరేమీ కాదు. కారం తగిలితే ముక్కు నీళ్ళు కారడం అందరికీ అనుభవమే. ఆ పలచటి నీరు జిగురును విడదీస్తుంది, వేడి ద్రవం గొంతుకు ఊరటనిస్తుంది. కాని ఎవరికైతే మొదటి నుంచీ నీళ్ళలా కారుతూనే ఉంటుందో, వారికి అదే చారు బాధను పెంచుతుంది. పాలు తాగితే కఫం పెరుగుతుందన్న నమ్మకానికి మాత్రం పరీక్షల్లో ఆధారం దొరకలేదు. పాలు లాలాజలంతో కలిసి కాసేపు చిక్కగా అనిపిస్తాయి, అంతే.

మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు
జనవరి 22, రాత్రి 9.30

నేను చదువుకున్నది తక్కువే కాని ముక్కు బాధ గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదేమో. సంక్రాంతి దాటితే యార్డుకు కొత్త పంట రావడం మొదలై, ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా పేరుకుంటాయి. శాంపిలు చూడటానికి టిక్కీ కుట్టు విప్పిన ప్రతిసారీ తొడిమల పొడి, గింజల దుమ్ము మొహం మీదకు లేస్తుంది. పన్నెండేళ్ళు తువాలు కట్టుకునే పనిచేశాను. తువాలు ఘాటును ఆపుతుందనుకున్నాను, తీరా చూస్తే సాయంత్రానికి ఆ తువాలు మడతల్లోనే ఎర్రటి పొడి ఉండేది, దాన్నే రోజంతా పీల్చేవాణ్ణి. రాత్రి పడుకుంటే గొంతులోకి కారేది కూడా కారంగా ఉండేది.

మూడేళ్ళ క్రితం ఒక వైద్యుడు గట్టిగా చెప్పిన తరువాత, ముక్కుకు అతుక్కుని ఉండే ఎన్95 మాస్కు కట్టుకుంటున్నాను. ఇంటికి రాగానే భోజనానికి ముందు మరిగించి ఆర్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటాను. మొదటి రోజు పళ్ళెంలోకి వచ్చిన నీరు లేత ఎరుపు రంగులో ఉంది. అది చూసి మా ఆవిడ రక్తమని భయపడింది. రక్తం కాదు, మిరపకాయ. పంతులమ్మ గారూ, మీ ముక్కులోకి ఏం వెళుతోందో ముందు కనిపెట్టండి. అది ఆగకుండా ఎంత కడిగినా మర్నాటికి మళ్ళీ నిండుతుంది.

చెవి ముక్కు గొంతు వైద్యురాలు, హైదరాబాద్
జనవరి 22, రాత్రి 11.10

గుమాస్తా గారి మాటే నేను ఇంతవరకూ చెప్పక మిగిల్చిన మాట. పంతులమ్మ గారూ, దయచేసి వీటికి జవాబు చెప్పండి. మీరు పడుకునే గదిలో చెమ్మ గాని, బూజు గాని ఉందా? దిండ్లు ఎంత పాతవి? రాత్రి భోజనం ఎన్ని గంటలకు చేస్తారు, ఎంతసేపటికి పడుకుంటారు? రక్తపోటుకు మందు వాడుతున్నారా? ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి కొందరిలో గొంతు గరగర, పొడిదగ్గు తెస్తాయి, దాన్ని సైనస్ అనుకొని నెలల తరబడి ఆవిరి పట్టేవారున్నారు. ఊరి చివర ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ పెరిగిన చోట ఉంటున్నారా? దాని పుప్పొడి కూడా ముక్కుకు పెద్ద శత్రువు.

పంతులమ్మ, భీమవరం
జనవరి 23, రాత్రి 9.40

రక్తపోటు లేదు, మందులు లేవు. భోజనం ఆలస్యమే. పిల్లల చదువులు, మార్కుల నమోదు అయ్యేసరికి పదవుతుంది, పదిన్నరకు పడుకుంటాను.

గది గురించి మీరు అడిగాక టార్చి లైటు పట్టుకొని చూశాను. మంచం తలవైపు గోడకు ఆనుకొని ఉంటుంది. మాది డెల్టా కనుక వానాకాలం నుంచి గోడలకు చెమ్మ ఎక్కడం కొత్తేమీ కాదు, అందుకే ఎప్పుడూ పట్టించుకోలేదు. మంచం జరిపితే, తల పెట్టుకునే పలకకు సరిగ్గా వెనుక, మోకాలెత్తు నుంచి నా భుజం ఎత్తు దాకా నల్లటి చుక్కలు పొదలా అల్లుకొని ఉన్నాయి. వేలితో తాకితే మెత్తగా పొడి రాలింది. దసరా సెలవుల్లోనే మేము మంచాన్ని కిటికీ పక్క నుంచి ఆ గోడ వైపు జరిపామన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. నాలుగు నెలలుగా నా తల ఆ బూజుకు జానెడు దూరంలో ఉంది.

చెవి ముక్కు గొంతు వైద్యురాలు, హైదరాబాద్
జనవరి 23, రాత్రి 11.00

మంచం ఈ రాత్రే జరపండి. బూజును పొడిగా దులపకండి, గాలిలోకి లేస్తుంది. మాస్కు కట్టుకొని, కిటికీలు తెరచి, సబ్బు నీళ్ళతో తడిపి తుడవాలి. ఆ పని ఇంట్లో మరెవరైనా చేస్తే ఇంకా మంచిది. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో మేస్త్రీతో చూపించకపోతే వచ్చే వానలకు మళ్ళీ పడుతుంది.

భోజనానికీ పడకకూ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. పొట్టలోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్నినా గళ్ళ అడ్డుపడినట్టే ఉంటుంది. మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుక పెట్టి ఎత్తు చేయండి, రెండు బాధలకూ పనికివస్తుంది. గొంతు సవరించుకోవాలనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు తాగి గట్టిగా గుటక వేయండి. సవరించుకున్న ప్రతిసారీ స్వరతంత్రులు ఒకదానికొకటి రాసుకొని వాస్తాయి, వాచిన గొంతుకు మళ్ళీ సవరించుకోవాలనిపిస్తుంది, అదొక గానుగ.

మూడు నెలలు, అంటే పన్నెండు వారాలు దాటిన సైనస్ బాధను దీర్ఘకాలికంగా పరిగణిస్తాం కనుక, మీరు దగ్గరలోని చెవి ముక్కు గొంతు వైద్యులను కలిసి ముక్కు లోపల ఎండోస్కోపుతో చూపించుకోవాలి. అవసరమైతే వారు ఫ్లూటికసోన్, మోమెటసోన్ వంటి స్ప్రే రాస్తారు. అది మీరు వాడిన స్ప్రే లాంటిది కాదు. పనిచేయడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, వైద్యులు చెప్పినంతకాలం వాడవచ్చు. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మధ్య గోడ వైపు కాక బయటి వైపుకు కొట్టుకోవాలి.

చదివే మిగతావారి కోసం కూడా రాస్తున్నాను. కన్ను చుట్టూ వాపు, చూపు రెండుగా కనిపించడం, మెడ బిగుసుకుపోవడం, మగతతో కూడిన జ్వరం, భరించలేని తలనొప్పి ఇవి ఉంటే ఇంటి వైద్యం ఆలోచన అక్కడే మానేసి ఆసుపత్రికి వెళ్ళండి. మధుమేహం ఉన్నవారికి ముఖం ఒకవైపు మొద్దుబారినా, ముక్కు నుంచి నల్లటి స్రావం వచ్చినా గంటలు లెక్కపెట్టుకోవాలి. 2021లో కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రికి బ్లాక్ ఫంగస్‌తో వచ్చినవారి గురించి మీరు వినే ఉంటారు, ఆ జబ్బులో ఆలస్యానికి మూల్యం కన్ను. వంగినప్పుడు ఒకే ముక్కు నుంచి ఉప్పగా, పలచగా నీళ్ళు బొట్లు బొట్లుగా రాలితే అది శ్లేష్మం కాక మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ఒకే వైపు దుర్వాసనతో చీము వస్తుంటే పిల్లల్లో ముక్కులో దూర్చుకున్న గింజనో బలపం ముక్కనో వెతకాలి, పెద్దల్లో పైదవడ పన్ను చూపించుకోవాలి. శ్లేష్మం పసుపుగానో ఆకుపచ్చగానో ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. పది రోజులు దాటినా తగ్గకపోతేనో, తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెడితేనో దాని గురించి ఆలోచిస్తాం.

యోగా శిక్షకుడు, విశాఖపట్నం
జనవరి 24, ఉదయం 6.05

నీటిని మరిగించాలన్న సంగతి, ఉప్పు కొలత నా మొదటి సందేశంలోనే చెప్పి ఉండవలసింది. ఇన్నేళ్ళూ మా కేంద్రంలో ఫిల్టరు నీటినే వాడాం. ఈ రోజు నుంచి పెద్ద పాత్రలో మరిగించి మూత పెట్టి ఉంచుతున్నాం, చెంబులు కూడా ఎవరివి వారే తెచ్చుకోవాలని చెప్పాను.

పంతులమ్మ, భీమవరం
ఫిబ్రవరి 21, రాత్రి 8.20

నెల గడిచింది కనుక జరిగింది చెప్పడం నా బాధ్యత. దుకాణపు స్ప్రే ఫార్మసిస్టు గారు చెప్పినట్టు ఒక్కొక్క ముక్కుకు మానేశాను. మొదటి నాలుగు రాత్రులు నిద్ర లేదు, ఐదవ రాత్రికి గాలి ఆడింది. వైద్యులు లోపల చూసి, పొర వాచి ఉందని, కండలేమీ పెరగలేదని చెప్పి వేరే స్ప్రే రాశారు. సాయంత్రం ఆరింటికి ఉప్పునీటితో కడుక్కుంటున్నాను. పడుకునే ముందు చేస్తే లోపల నిలిచిన నీరు దిండు మీద కారుతోంది, అందుకే ముందుకు జరిపాను. మొదటి వారం తీగలా సాగే తెల్లటి జిగురు వచ్చింది, ఇప్పుడు వచ్చే నీరు దాదాపు తేటగానే ఉంటోంది. మంచం మళ్ళీ కిటికీ పక్కకు చేరింది. భోజనం ఎనిమిదింటికి మార్చడమే అన్నిటికంటె కష్టమైంది, వారంలో రెండు రోజులు ఇంకా తప్పుతోంది, తప్పిన మర్నాడు గొంతు చెప్పేస్తుంది.

నిన్న ఏడవ గంటలో నలభై ఐదు నిమిషాల పాఠంలో మూడుసార్లే గొంతు సవరించుకున్నాను. లెక్క నేను పెట్టలేదు, నీళ్ళ సీసా ఇచ్చిన అమ్మాయే నోటు పుస్తకం చివరి పేజీలో గీతలు గీసి చూపించింది.

ఒక సందేహం మిగిలింది. కడుక్కున్న తరువాత చెవిలో గుయ్యిమని నీళ్ళు చేరినట్టు ఉంటోంది.

చెవి ముక్కు గొంతు వైద్యురాలు, హైదరాబాద్
ఫిబ్రవరి 21, రాత్రి 10.40

చాలా సంతోషమండీ. ఒక ముక్కు రంధ్రాన్ని మూసి రెండవదాన్ని గట్టిగా చీదుతున్నట్టున్నారు, ఆ ఒత్తిడికి నీరు చెవి గొట్టంలోకి పోతుంది. రెండూ తెరచి ఉంచి, ముందుకు వంగి, తలను అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా ఊదండి. సీసాను కూడా గట్టిగా పిండకండి. చెవి నొప్పి వస్తే కొన్ని రోజులు ఆపి చూపించుకోండి. సీసాను రోజూ వేడినీళ్ళతో కడిగి, మూత తీసి బోర్లించి ఆరబెట్టండి, మూడు నెలలకొకసారి మార్చండి.